వేగంగా అంటుకునే కోవిడ్ రకం వచ్చినప్పుడు రెండు గదుల ఇంట్లో పెద్దవారిని ఎలా కాపాడుకోవాలి?

విశాఖలో రెండు గదుల పోర్షన్‌లో ఐదుగురు ఉంటున్నామని, అత్తగారికి డెబ్బై దాటాయని, షుగర్ కూడా ఉందని, ఇంట్లో ఇద్దరికి రోజూ పనికి వెళ్లక తప్పదని, ఒమిక్రాన్ వంటి రకం మళ్లీ చుట్టుముడితే ఆవిడను ఎలా కాపాడుకోవాలని మీరు అడిగారు. 2022 జనవరిలో కంచరపాలెంలో మా కుటుంబం దాదాపు ఇదే పరిస్థితిలో గడిపింది. నేను వైద్యుణ్ని కాను, కనుక మందుల విషయంలో మీ అత్తగారిని చూసే డాక్టరు మాటే వినండి. ఇంటి ఏర్పాట్ల గురించి మాత్రం అనుభవం మీద చెప్పగలను.

నేను మొదట చెప్పదలచిన మాట ఒక్కటే. జబ్బు పడ్డవారికి గది కేటాయిద్దామని ఎదురుచూడకండి. కేసులు పెరుగుతున్నాయని తెలిసిన రోజునే, ఇంట్లో అందరూ బాగున్నప్పుడే, గాలి బాగా ఆడే గదిని మీ అత్తగారికి ఇచ్చేయండి. దీనికి కారణం ఈ వైరస్ స్వభావంలోనే ఉంది. సోకినవారు లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించగలరు. ఒమిక్రాన్ విషయంలో సోకిన దగ్గర నుంచి లక్షణాలు కనిపించే వరకు పట్టే సమయం కూడా సుమారు మూడు రోజులకు తగ్గిపోయింది. అంటే ఉద్యోగానికి వెళ్లివచ్చే మనిషికి గొంతులో గరగర మొదలై "నేను వేరే గదిలో పడుకుంటాను" అనేసరికి, ఆ మనిషి అప్పటికే అందరితో కలిసి భోజనం చేసి, టీవీ చూసి, పెద్దావిడకు మాత్ర అందించి ఉంటాడు.

2021 వేసవిలో కోవిడ్‌లోని డెల్టా రకం వచ్చినప్పుడు మన భయం ఆస్పత్రి పడకల గురించి, ఆక్సిజన్ గురించి. ఆ ఏప్రిల్‌లో మన స్టీల్ ప్లాంటు ఆక్సిజన్‌ను ట్యాంకర్లలో నింపుకొని దేశంలోని తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకు బయలుదేరిన సంగతి ఈ ఊరివాళ్లు ఎవరూ మరచిపోలేదు. ఒమిక్రాన్ దారి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని 2021 నవంబరు 26న ఆందోళనకర రకంగా ప్రకటించింది, డిసెంబరులోనే మన రాష్ట్రపు తొలి కేసు పక్కనున్న విజయనగరం జిల్లాలో బయటపడింది, సంక్రాంతి వెళ్లేసరికి మా వీధిలో దగ్గు వినపడని ఇల్లు లేదు. వైరస్ మన కణాలకు అతుక్కునే ముల్లు లాంటి భాగమైన స్పైక్ ప్రోటీనులో ముప్పైకి పైగా మార్పులు ఉండటంతో రెండు డోసులు వేసుకున్నవారికీ, అంతకుముందు ఒకసారి వచ్చి తగ్గినవారికీ కూడా అది సోకింది. ఊపిరితిత్తుల లోతుల్లో కంటే పై శ్వాసనాళాల్లో ఎక్కువగా పెరిగే గుణం వల్ల, టీకాల వల్ల చాలామందికి తేలికగానే పోయింది. కానీ ఆ తేలికదనం డెబ్బై ఏళ్ల షుగర్ రోగికి వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. జనవరి 18 నుంచి రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు వరకు కర్ఫ్యూ పెట్టారు గానీ, మా తమ్ముడు పగలు ఎక్కక తప్పని షేర్ ఆటోలకు దానితో సంబంధం లేదు. అందుకే మిగతా జాగ్రత్త అంతా ఇంట్లోనే తీసుకోవాలి.

వీధి వైపు రెండు కిటికీలున్న ముందు గదిని మా అమ్మకు ఇచ్చి, మిగతావాళ్లం వెనుక గదిలోనూ వంటింట్లోనూ సర్దుకున్నాం. మన ఊళ్లో గాలికి కొరత లేదు, కానీ దోమల బాధ పడలేక సాయంత్రం అయిదు కొట్టగానే తలుపులూ కిటికీలూ బిగించేస్తాం, వైరస్‌కు అంతకంటే అనుకూలమైన వేళ ఉండదు. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ముందుగా కిటికీలకు దోమల మెష్ వేయించండి. శానిటైజర్ల మీదా, కూరగాయల సంచులు కడగడం మీదా పెట్టే శ్రద్ధ కంటే దాని ఫలితం ఎక్కువ, ఎందుకంటే ఈ జబ్బు ప్రధానంగా గాలిలో తేలే సన్నని తుంపరల ద్వారానే పాకుతుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే వంట లేనప్పుడు కూడా తిరగనివ్వండి. బాత్రూమ్ ఒక్కటే అయితే, రాత్రంతా దాని వెంటిలేటర్ తెరిచి ఉంచి, తెల్లవారగానే మొదట పెద్దావిడను వెళ్లనివ్వండి.

ఆవిడ గదిలోకి ఒక్క మనిషే, అదీ ఎన్95 మాస్కుతోనే వెళ్లాలి. వాల్వు ఉన్న మాస్కు పెట్టుకున్నవారిని కాపాడుతుంది గానీ వారు వదిలే గాలిని వడకట్టదు, కనుక అది ఇక్కడ పనికిరాదు. ముక్కు దగ్గరి తీగను నొక్కి, అంచుల నుంచి గాలి కారడం లేదని చూసుకోవాలి. భోజనం మాత్రం ఆవిడ తన గదిలోనే చేయాలి. తినేటప్పుడు మాస్కు ఉండదు, మాటలు ఆగవు, అందుకే కలిసి భోంచేయడమే అన్నిటికంటే ప్రమాదకరమని నా అభిప్రాయం.

ఇదంతా రాయడం తేలికే, ఆ పెద్దమనిషి మనసుకు సర్దిచెప్పడమే కష్టం. మా అమ్మ మొదటి రోజు కంచం ముట్టుకోలేదు. "నాకేం రోగమొచ్చిందని నన్ను వెలేశార్రా?" అని అడిగింది. "నీకు రోగం ఉందని కాదమ్మా, మాకు ఉండొచ్చని" అని తమ్ముడు గుమ్మం బయట కూర్చుని చెప్పాడు. ఆ మాట తరువాతే ఆమె మెత్తబడింది. టీవీని ఆమె గదిలోకి మార్చాం, సాయంత్రం సీరియల్ వేళకు మేము గుమ్మం ఇవతల కుర్చీలు వేసుకుని చూసేవాళ్లం. మీరు కూడా ఏర్పాటుకు ముందే అత్తగారితో కూర్చుని, ఎందుకు చేస్తున్నారో వివరించి, ఆవిడ ఇష్టాలు అడిగి చేయండి. చెప్పకుండా చేస్తే అది నిజంగానే వెలివేసినట్లు ఉంటుంది.

మా ఇంట్లో మొదట తమ్ముడికి, వెంటనే మరదలికి, ఆపైన నాకు జ్వరం వచ్చింది. అమ్మకు కూడా చివరికి సోకింది, కానీ మేమంతా లేచి తిరుగుతున్న సమయానికి సోకింది. ఆ ఆలస్యమే మాకు దక్కిన పెద్ద మేలు. అందరం ఒకేసారి పడిపోయి ఉంటే ఆమెకు వేళకు మజ్జిగ ఇచ్చేవారు, గ్లూకోమీటరుతో షుగర్ చూసేవారు ఉండేవారు కాదు. జ్వరంలో ఆమె షుగర్ బాగా పెరిగింది, డాక్టరు ఫోనులోనే మందు మోతాదు మార్చారు. షుగర్ ఉన్నవారికి ఇన్ఫెక్షన్ సమయంలో ఇది మామూలే కనుక, గ్లూకోమీటరు, దాని స్ట్రిప్పులు ముందే తెచ్చుకోండి.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటరు పెట్టే పద్ధతి మీద కూడా కొంచెం శ్రద్ధ పెట్టాలి. వేళ్లు చల్లగా ఉంటే అరచేతులు రుద్ది వెచ్చబరచండి. గోళ్లరంగు గానీ ముదురుగా పండిన గోరింటాకు గానీ లేని వేలికి పెట్టండి. ఆవిడను కదలకుండా కూర్చోబెట్టి, పెట్టగానే మెరిసే అంకెను వదిలేసి, నిలకడగా నిలిచిన అంకెను కాగితం మీద టైముతో సహా రాసుకోండి. ఫోనులో డాక్టరు అడిగేది ఆ కాగితంలోని వివరాలే.

మందుల షాపులో "కోవిడ్ కోర్సు" అని ఇచ్చే మాత్రలన్నీ వాడకండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. యాంటీబయాటిక్స్ వైరస్ మీద పనిచేయవు. స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన రోగికి ప్రాణం పోసే మందే, కానీ ఆ అవసరం లేనివారికి మేలు చేయదు, పైగా షుగర్‌ను విపరీతంగా పెంచుతుంది. డెల్టా రోజుల్లో బ్లాక్ ఫంగస్ ఎక్కువగా షుగర్ ఉన్నవారినీ, స్టెరాయిడ్లు వాడినవారినీ పట్టుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కషాయం తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది, తాగనివ్వండి. ఆవిరి మాత్రం వైరస్‌ను చంపదు, వృద్ధుల చేతిలో మరిగే నీళ్ల గిన్నె పెట్టడం మంచిది కాదు.

మీ అత్తగారికి గొంతునొప్పి మొదలైన రోజునే పరీక్ష చేయించండి, తగ్గుతుందేమోనని ఆగకండి. ర్యాపిడ్ పరీక్షలో నెగటివ్ వచ్చినా లక్షణాలు ఉంటే మరునాడు మళ్లీ చేయించాలి, ఎందుకంటే ఒమిక్రాన్‌లో తొలి రోజున అది పట్టుబడకపోవడం మామూలు. పెద్దవారికి ఇచ్చే యాంటీవైరల్ మందులు లక్షణాలు మొదలైన ఐదు రోజులలోపే మొదలుపెట్టాలి, అవి ఆవిడ వాడే మిగతా మందులతో పడతాయో లేదో డాక్టరే చూడాలి. కాబట్టి ఇప్పుడే ఆ మందుల జాబితా, చివరి టీకా డోసు తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, మరో డోసు అవసరమా అని ఈసారి చెకప్‌లోనే అడగండి. జ్వరం మూడు రోజులు దాటినా, ఆక్సిజన్ అంకె 93 లేదా అంతకు తగ్గి గంటలోపల మళ్లీ మళ్లీ చూసినా పెరగకపోయినా, ఆయాసం, ఛాతీలో బరువు, తికమకగా మాట్లాడటం, లేపినా మత్తుగా ఉండటం కనిపించినా, ఏ వేళ అయినా సరే 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకువెళ్లండి.