గులాబీ అంటుకి ఏ అడవి రోజా? ముందు మీ బోరు నీళ్ళు చూడండి

హైదరాబాద్‌లో బోరు నీళ్ళతో కుండీల్లో గులాబీలు పెంచుతున్న మీరు, ఇంట్లోనే అంటు కట్టుకోవాలంటే వేరుమూలంగా, అంటే కింద వేర్లతో ఉండే మొక్కగా, ఏ అడవి రోజా మంచిదని అడిగారు. మాదీ అదే పరిస్థితి. బకెట్ అడుగున తెల్లగా పొర కట్టే నీళ్ళు.

మొదట బెంగళూరు నుంచి ముళ్ళు లేని మల్టీఫ్లోరా అనే అడవి రోజా కొమ్మలు తెచ్చాను. ఇట్టే వేరు పట్టాయి. ముళ్ళ బాధ లేక కన్ను కట్టడమూ (మంచి గులాబీ కన్నుని దీని బెరడు కింద పెట్టి కట్టడం) సులువే. కానీ మూడు నెలలకి లేతాకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నీళ్ళు పోస్తూ ఉంటే మట్టి క్షారమై, అందులో ఇనుము ఉన్నా వేర్లకి అందదు. కాస్త ఆమ్ల గుణమున్న నేలైతే మల్టీఫ్లోరాకి తిరుగులేదు. మన నీళ్ళకి అది పడదు. చీలేటెడ్ ఐరన్ (మొక్కకి తేలిగ్గా అందే ఇనుము మందు) చల్లినప్పుడల్లా రెండు వారాలు పచ్చబడి, మళ్ళీ మామూలే.

తర్వాత రోజా ఇండికా ఒడొరాటా అనే ఇంకో అడవి రోజాకి మారాను. ఉత్తరాది మైదానాల్లో ఎక్కువగా వాడేది ఇదే. ఉప్పునీ క్షారాన్నీ బాగా ఓర్చుకుంటుంది. నాలుగేళ్ళయింది, ఒక్క మొక్కకీ ఆ పసుపు రాలేదు. మీకూ ఇదే చెప్తాను.

కొనేటప్పుడు జాగ్రత్త. ఒక నర్సరీలో ఒడొరాటా అని చెప్పి నాకు మల్టీఫ్లోరానే ఇచ్చారు. ఆకు కాడ మొదట్లో చిన్న రెక్కలా ఉండే భాగాన్ని దగ్గరగా చూడండి. దాని అంచు దువ్వెన పళ్ళలా చీలి ఉంటే అది మల్టీఫ్లోరా.

పెన్సిల్ మందం, జానెడు పొడవున్న ఒడొరాటా కొమ్మలు తీసుకుని, పైన రెండు కళ్ళు ఉంచి, మట్టిలోకి వెళ్ళేవన్నీ కత్తితో లోతుగా తీసేయండి. నేను మొదటిసారి వదిలేశాను. ఏడాదంతా కింది నుంచి అడవి పిలకలే. అలా వస్తే కత్తిరించకండి, అక్కడే నాలుగు మొలుస్తాయి. మట్టి తవ్వి, పుట్టిన చోటు నుంచి లాగి పీకేయాలి.

కన్ను కట్టడానికి మాకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ముందురోజు బాగా నీళ్ళు పోయండి. గాటు పెట్టాక బెరడు తడిగా మెరుస్తూ, అరటి తొక్కలా లేవాలి. పీచులుగా చిరిగిందంటే కట్టకండి, వారం ఆగండి.