టారో ఈజిప్టు విద్యేనా, మామూలు మనిషి నేర్చుకోవచ్చా?

మీరు అడిగినవి రెండు. టారో, అంటే బొమ్మల కార్డులు తీసి వాటిని చూస్తూ మన సంగతులు మాట్లాడుకునే పద్ధతి, ఈజిప్టు పూజారుల నుంచి వచ్చిందా అంటే, కాదు. మనలాంటివాళ్లు నేర్చుకోవచ్చా అంటే, హాయిగా నేర్చుకోవచ్చు. నాది నల్లగొండ, కొన్నేళ్లుగా తెలిసినవాళ్లకు కార్డులు తీస్తున్నాను, డబ్బు తీసుకోను.

టారో మొదలైంది పేకాటగా. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారా వైపు, పెద్ద దొరల ఇళ్లలో మామూలు పేకకు బొమ్మల తురుపు ముక్కలు కలిపి ఆడేవాళ్లు. కప్పులు, కత్తులు, కర్రలు, నాణేలు కలిసి 56, ఈ తురుపు వరసవి 22, మొత్తం 78. ఫ్రాన్స్‌లో ఆ ఆట ఇప్పటికీ ఉంది. ఈజిప్టు కథను 1781లో కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి పండితుడు రాశాడు, కానీ అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపి చదవగలిగినవాళ్లే లేరు, షాంపోలియన్ అనే మరో ఫ్రెంచి పండితుడు దాన్ని విప్పింది 1822లో. ఇప్పుడు ఎక్కువమంది వాడే రైడర్ పేక ఇంకా కొత్తది, 1909లో లండన్‌లో వచ్చింది. ఆర్థర్ వెయిట్ అనే రచయిత చెప్పగా బొమ్మలన్నీ గీసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి. పేక మీద చాలాకాలం ఆమె పేరే లేదు, నాకది ఇప్పటికీ బాధే.

ఇక కార్డులు చదివి చెప్పడం. మా వీధిలో ఒక అక్క కొడుకు ఉద్యోగం గురించి అడగడానికి వచ్చింది, పిల్లవాడు హైదరాబాద్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నాడు. పదమూడో నంబరు, మృత్యువు కార్డు వచ్చింది. తెల్ల గుర్రం మీద నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని, "ఏంది తమ్మీ, పోరగానికి ఏమన్న అయితదా?" అంది. కార్డు ఆమె చేతికే ఇచ్చి మెల్లగా చూడమన్నాను. గుర్రం ముందు మోకాళ్ల మీద చిన్న పిల్ల, వెనక రెండు బురుజుల మధ్య పొద్దు. "మీ ఇంట్ల ఏది ఆగిపోతదని భయపడుతున్నవక్కా?" అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత చెప్పింది: వాడు చదువు ఆపేసి పనిలో చేరతానంటున్నాడట, బావ ఒప్పుకోవడం లేదట, మధ్యలో తనకు టెన్షన్. అసలు సంగతి అదీ. ఉద్యోగం వస్తుందో రాదో కార్డు చెప్పలేదు, నేనూ చెప్పలేదు, ఆ రోజు మేం మాట్లాడింది ఆ తండ్రీకొడుకుల గురించే.

ఇదే కార్డు చూపించి "దోషం ఉంది, పూజకు డబ్బు పంపండి" అని ఫోన్లో అడిగేవాళ్లు ఉన్నారు, మా బంధువు ఒకావిడ పంపింది కూడా. టారోలో దోషమూ లేదు, పరిహారమూ లేదు. ఆ మాట రాగానే ఫోన్ పెట్టేయండి.

నేర్చుకోవాలంటే రోజుకొక కార్డు తీయండి, పుస్తకం తెరవకముందే బొమ్మలో కనిపించింది రాసుకోండి. అర్థాలు బట్టీ పట్టడం కన్నా అదే పనికొస్తుంది. తర్వాత మూడు కార్డులు, పది కార్డులు పరిచే సెల్టిక్ క్రాస్ పద్ధతికి తొందర లేదు. "వస్తదా రాదా" అనే ప్రశ్నను "ఇప్పుడు నేనేం చెయ్యాలె"గా మార్చి అడగమనండి. జబ్బు గురించి అడిగితే డాక్టర్ దగ్గరికి పంపండి. మొదటి పేక ఎవరో బహుమతిగా ఇస్తేనే పనిచేస్తుందన్న మాట పట్టించుకోకుండా మీరే కొనుక్కోండి.