నోడ్‌లిస్ట్‌లో అడ్రస్ ఇచ్చే ముందు

చిన్నా,

నువ్వు బీబీఎస్ (జనం కనెక్టయి మెసేజ్‌లు, ఫైళ్లు పంచుకునే కంప్యూటర్) పెట్టి, బీబీఎస్‌లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే ఫిడోనెట్‌లో చేరబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "వీడికీ నీ పిచ్చే పట్టిందిరా" అంది. లోపల పొంగిపోయాను, పైకి మాత్రం నీ పరీక్షల సంగతి అడిగాను. కానీ నోడ్‌లిస్ట్ కోసం, అదే ఫిడోనెట్ కంప్యూటర్ల (నోడ్‌ల) అడ్రసుల జాబితా కోసం, నువ్వు రాసిన లైను చూశాక టెన్షన్ పట్టుకుంది.

చిన్నవి ముందు చెప్పేస్తా. బీబీఎస్ పేరులో కామా వద్దు, అక్కడ కామా పడితే గడి మారిపోతుంది. ఖాళీ బదులు అండర్‌స్కోర్ పెట్టు. ఇంటర్నెట్‌లో మెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతి బింక్‌పీ మామూలు పోర్టు 24554 మీదే ఉంటే, దానికి ఐబీఎన్ అన్న ఫ్లాగ్ (గుర్తు) ఒక్కటి చాలు. ఫిడోనెట్ జోన్లలో ఆసియాకి వేరుగా ఉన్న జోన్ 6ని 2007లో ఎత్తేసి జోన్ 3లో కలిపారు, కాబట్టి అడగాల్సింది జోన్ 3 వాళ్లని.

ఇక నీ ఇంటర్నెట్ అడ్రస్ రాసే ఐఎన్ఏ ఫ్లాగ్ దగ్గర నేరుగా ఐపీ అంకెలు కొట్టావే, ఏం తొందరరా నీకు? అవి నీ సొంతం కావు. రౌటర్ ఆపి మళ్లీ వేస్తే మారిపోవచ్చు. రేపు ఆ నంబరు ఇంకెవరింటికో వెళ్తుంది.

1984లో టామ్ జెన్నింగ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిడోనెట్ మొదలుపెట్టినప్పుడు జాబితా కూడా ఆయనే రాసుకునేవాడు. అందులో తప్పు ఫోన్ నంబర్లు దొర్లాయి. కంప్యూటర్లు మోడెంతో ఫోన్ చేసి మెయిల్ ఇచ్చిపుచ్చుకునేది రాత్రిపూట. అంటే బీబీఎస్ అంటే ఏమిటో తెలియని మనిషి ఇంట్లో అపరాత్రి ఫోన్ మోగుతుంది. ఎత్తితే అవతల ఎవరూ పలకరు. మెయిల్ అందలేదని మిషను మళ్లీ చేస్తుంది, మర్నాడు రాత్రీ చేస్తుంది. మిషనుకి మొహమాటం ఉండదు కదా. తర్వాత జాబితా పని సెయింట్ లూయిస్ మిత్రబృందం నెత్తిన వేసుకుంది. నేను డాలస్‌లో నోడ్ నడిపే రోజుల్లో ఈ కథ విన్నప్పుడు నవ్వు రాలేదు. మాకప్పుడు అర్ధరాత్రి ఫోన్ అంటే ఇండియా నుంచే, అదీ చావు కబురే. మోగిందంటే మీ అత్తయ్య నా చెయ్యి పట్టుకునేది. అలాంటి ఇంటికి పొరపాటున మోడెం ఫోన్ చేస్తే?

ఇప్పుడు ఫోన్లు మోగవులే. కానీ జాబితా వారం వారం వస్తున్నా, నెలల నాటి కాపీతోనే నడిపేవాళ్లు ఉంటారు. నువ్వు మానేసిన అడ్రస్‌ని వాళ్ల మిషన్లు తడుతూనే ఉంటాయి. అందుకే అంకెలు తీసేసి డొమైన్ పేరు పెట్టు. ఐపీ మారినప్పుడల్లా డీఎన్ఎస్ (ఏ పేరుకి ఏ ఐపీయో చెప్పేది) దానంతటదే మారేలా చూసుకో.

ఇంకోటి. ఒకే ఐపీని చాలా ఇళ్లకి పంచే ఫైబర్ కనెక్షన్లు ఉన్నాయి. నీదీ అదే రకమైతే బయటివాళ్లు నీ దాకా రాలేరు. ఇంటి వైఫైలోంచి చూసి "పనిచేస్తోంది మావయ్యా" అనకు, ఫోన్‌లో మొబైల్ డేటా వేసి టెస్ట్ చెయ్యి. రాకపోతే అడ్రస్ ఇవ్వనే వద్దు. ప్రైవేట్ నోడ్‌గా చేరి నీ హబ్‌కి (నీ మెయిల్ అందించే నోడ్‌కి) నువ్వే కనెక్టయి మెయిల్ తెచ్చుకో. అందులో నామోషీ ఏం లేదు నాన్నా.

డొమైన్ కొన్నాక రెన్యువల్ ఏ తేదీనో నాకు పంపు. నువ్వు మర్చిపోతావు, నా క్యాలెండర్‌లో రాసుకుంటాను.

మీ మావయ్య