గుమ్మానికి దయ్యాలు, పక్కన బంతిపూలు

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరండీ. ఇప్పుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర లేసు అల్లడం నేర్చుకున్నాను. అక్టోబరు 31న హాలోవీన్‌కి, అంటే ఇక్కడి దయ్యాల పండుగకి, పూలు, దయ్యాలు అల్లి తలుపుకి రీత్ (గుండ్రటి అలంకారం) చేయమని మా పాప ఒకటే గొడవ. దయ్యం అల్లితే లోపలి దూది కన్నాల్లోంచి కనబడుతోంది. పూలరేకులు వాలిపోతున్నాయి. అన్నీ గ్లూతో అంటించేస్తే సరిపోతుందా? గుమ్మానికి దయ్యాలేమిటని అత్తయ్యగారు అంటున్నారు, అదొక టెన్షన్.
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: లేసు చెయ్యి కదమ్మా, అందుకే వదులుగా వస్తోంది. లేసుకి కన్నాలే అందం. బొమ్మకి ఒక్క కన్నం కూడా కనబడకూడదు. ఊలు చుట్ట మీద 5 మిల్లీమీటర్ల క్రోషే సూది (కొక్కెం సూది) అని రాసి ఉంటుంది. అది స్వెటర్లకి, శాలువాలకి. మీరు 3.5 తీసుకోండి. దారాన్ని సూది పైనుంచి కాకుండా కిందనుంచి లాగితే కుట్టు ఇంటూ గుర్తులా పడి ఇంకా బిగుస్తుంది. అల్లేటప్పుడు అడ్డగీతలు ఉన్న వైపు లోపలికి పోవాలి, నున్నటి వైపు బయటికి రావాలి.

దయ్యానికి మ్యాజిక్ రింగ్‌లో (లాగితే బిగిసే దారపు చుట్టులో) 6 సింగిల్ క్రోషేలతో మొదలుపెట్టండి. ఇక్కడి కుట్లన్నిటికీ అమెరికా పేర్లే వాడాను, ఈ సింగిల్ క్రోషేనే బ్రిటిష్ పద్ధతిలో డబల్ క్రోషే అంటారు. వరసకి ఆరేసి పెంచుతూ 12, 18, 24, 30కి వెళ్లండి. తర్వాత పెంచకుండా పది వరసలు. ఇక్కడే అసలు పనితనం ఉంది. కింది అంచు వరసలో కుట్టు ముందు పోగులో మాత్రమే సూది గుచ్చి, ఒక్కోదాంట్లో మూడేసి హాఫ్ డబల్ క్రోషేలు వేయండి. అంచు కుచ్చిళ్లలా అలలు తిరుగుతుంది. మిగిలిన వెనక పోగులు పట్టుకుని 24, 18, 12, 6కి తగ్గిస్తూ అడుగు మూసేయండి. పూర్తిగా మూసే ముందు దూది కూరండి. కళ్లు నల్లదారంతో కుట్టడమే మంచిది, పసిపిల్లలున్న ఇంట్లో ప్లాస్టిక్ కళ్లు వద్దు.

బంతిపువ్వుకి 40 చైన్లు (గొలుసు కుట్లు) వేసి, ప్రతి చైన్‌లో మూడేసి డబల్ క్రోషేలు వేయండి. పట్టీ దానంతటదే మెలి తిరుగుతుంది. బిగించి చుట్టి, ప్రతి చుట్టుకీ అడుగున రెండు కుట్లు వేస్తే రేకులు వాలవు. అంచుకి ముదురు నారింజ రంగు ఊలు వేస్తే అచ్చం మన పెరటి బంతే. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్లని తలుచుకునే పండుగకి బంతిపూలే వాడతారు. అందుకని దయ్యాల పక్కన అవి వింతగా ఉండవు.

ఇప్పుడు మీ అమ్మమ్మగారి లేసు సంగతి. రీత్ మధ్య ఖాళీలో సాలెగూడు అల్లండి. ఈ పని ఊలుతో వద్దు, సన్నటి నూలు లేసు దారంతోనే చేయాలి. 8 చైన్ల రింగ్ మీద బండిచక్రానికి ఉన్నట్టు ఎనిమిది ఆకులు, మధ్యలో మూడేసి చైన్లు. పైవరసల్లో చైన్లు అయిదు, ఏడు చేసుకుంటూ పోండి. ఎనిమిది మూలలనీ లాగి రీత్‌కి కట్టేస్తే గంజి పెట్టక్కర్లేదు, బిగువుకే నిలబడుతుంది. ఊలుతో దయ్యం చాలామంది అల్లుతారు. ఈ గూడు చూస్తే మాత్రం 2024లో జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువుగా భౌగోళిక) గుర్తింపు తెచ్చుకున్న నరసాపురం పని అని తెలిసినవాళ్లు గుర్తుపడతారు. ఓ మూల చిన్న నల్ల సాలీడు చాలు.

గ్లూ వద్దమ్మా. ద్రాక్షతీగలతో చుట్టిన రీత్ దొరుకుతుంది, అది తీసుకోండి. ప్రతి పువ్వుకీ, బొమ్మకీ అడుగున జానెడు దారం వదిలి, పుల్లల సందుల్లోంచి వెనక్కి లాగి ముడేయండి. చుట్టూ సమానంగా పేర్చకండి. కింద ఎడమవైపు పూలు గుత్తుగా పెట్టి, వాటిలోంచి మూడు దయ్యాలు తొంగి చూసేట్టు ఉంచి, పైభాగం కొంత బోడిగా వదిలేయండి. తలుపు మీద ఎండా వానా తగిలేట్టుంటే అక్రిలిక్ ఊలే వాడండి, నూలు తడిసి బరువెక్కి వేలాడుతుంది.

అత్తయ్యగారి మాటకి వస్తే, మనం మాత్రం ఇంటికి దిష్టిబొమ్మ కట్టమా? హాలోవీన్ ఐర్లాండ్, స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్లతో అమెరికాకి చేరింది. అక్కడ టర్నిప్ దుంపల మీద భయంకరమైన ముఖాలు చెక్కి గుమ్మాల దగ్గర పెట్టేవాళ్లు, చెడు లోపలికి రాకూడదని. ఈ మాట ఆవిడకి నెమ్మదిగా చెప్పండి. ముడులే కాబట్టి పండుగ అవగానే దయ్యాలనీ సాలీడునీ విప్పి డబ్బాలో దాచుకోవచ్చు. దీపావళి హాలోవీన్ తర్వాత పడిన ఏడాది బంతిపూలని అలాగే ఉంచి, దయ్యాల చోట ఆకుపచ్చ ఊలుతో మామిడాకులు అల్లి కట్టండి. ఆకు కొలతలు కావాలంటే ఉత్తరం రాయండి, వచ్చే నెల ఇస్తాను.