మామయ్యగారి రైలుకు బల్ల వేయించమంటారా?

ప్రశ్న: మా మామయ్యగారికి 68 ఏళ్లు. ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం అత్తయ్యగారు పోయినప్పటి నుంచి మాతోనే ఉంటున్నారు. ఆయనకు నమూనా రైళ్లంటే ప్రాణం. పొద్దున్నే తన గదిలో మొదలుపెట్టి హాలు మీదుగా, భోజనాల బల్ల కింద నుంచి వంటింటి గుమ్మం దాకా, అక్కడి నుంచి మా అయిదేళ్ల బాబు గదిలోకి, మళ్లీ వెనక్కి నేల మీద పట్టాలు పరుస్తారు. రాత్రి దాకా అవి అలాగే ఉంటాయి. పాపకు పది నెలలు, ఇల్లంతా పాకుతోంది. పోయిన నెల పాపను ఎత్తుకుని వస్తూ పట్టా తట్టుకుని పడబోయాను. గోడ ఆసరా దొరికింది కాబట్టి సరిపోయింది. మర్నాడు ఆయన నడకకు వెళ్లినప్పుడు మొత్తం ఊడబెరికి అట్టపెట్టెలో వేశాను. తిరిగొచ్చి చూసి "సరేనమ్మా" అన్నారు, అంతే. మూడు వారాలుగా భోజనానికి తప్ప గది దాటి రావడం లేదు. మా వారేమో "ఆయనకున్న ఒక్క సరదా కూడా లేకుండా చేశావు" అని నన్నంటారు, తండ్రితో మాత్రం మాట్లాడరు. ఆయన గదిలోనే ఒక పెద్ద బల్ల వేయించి ఇస్తే సమస్య తీరుతుందా? ఇంకో మాట. ఇంటికొచ్చిన చుట్టాలు ఈ వయసులో ఈ ఆటలేమిటని నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టు ఉంటోంది.

జవాబు: అమ్మా, ముందు ఆ బల్ల సంగతి తేలుద్దాం. వద్దు. మీరు మంచి మనసుతోనే అడిగారని తెలుసు. అయినా ఇప్పుడు వద్దు. మీరే రాసిన రైలు దారిని ఒకసారి మళ్లీ చదువుకోండి. తన గది, హాలు, భోజనాల బల్ల, వంటింటి గుమ్మం, మనవడి గది. రైలు నడపడానికి ఇంతకంటే కష్టమైన దారి మీ ఇంట్లో దొరకదు. బల్ల కాళ్ల మధ్య నుంచి వంపులు తిప్పాలి. తలుపులు పట్టాలకు తగలకుండా చూసుకోవాలి. ఎక్కడైనా గడప అడ్డొస్తే ఇక చెప్పనక్కరలేదు. మీటరుకు మూడు సెంటీమీటర్లకు మించిన వాలు ఉంటే బోగీలు లాగలేక చిన్న ఇంజన్ల చక్రాలు జారడం మొదలవుతుంది. ఆ లెక్కన రెండు సెంటీమీటర్ల గడప ఎక్కించాలంటే దాదాపు 70 సెంటీమీటర్ల దూరం నుంచే కొంచెం కొంచెంగా ఎత్తు పెంచుకుంటూ రావాలి, దిగడానికి మళ్లీ అంతే దూరం. ఉద్యోగమంతా లెక్కలతో గడిపిన మనిషికి ఇది తెలియక కాదు. తెలిసే మీ వంటింటి గుమ్మం దాకా తెస్తున్నారు.

కోడలు వంట చేసుకుంటుంటే ఏ పనీ లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడటం ఆ వయసు మగవాళ్లలో చాలామందికి చేతకాదు. పట్టా ఊడిందేమో చూడటానికైతే రావచ్చు. మనవడి గదిలోకి ఊరికే వెళ్లి కూర్చోవడం కష్టం, రైలు వెనకాల వెళ్లడం తేలిక. అత్తయ్యగారు ఉన్నన్నాళ్లూ ఆయనకూ మిగతా ఇంటికీ మధ్య మాటలు మోసింది ఆవిడే అయి ఉంటారని నా ఊహ. ఇప్పుడా పని ఈ ఇంజను చేస్తోంది. గదిలో బల్ల వేసి ఇచ్చారనుకోండి, రైలు ఆ నాలుగు గోడల మధ్యే గుండ్రంగా తిరుగుతుంది, ఆయనకు గది దాటి రావలసిన అవసరమే ఉండదు. మూడు వారాలుగా మిమ్మల్ని బాధపెడుతున్నది అదే కదా!

పట్టాలు తీసేయడం తప్పా అని మీరు నేరుగా అడగలేదు, అయినా అడిగినట్టే ఉంది. మీ భయం పూర్తిగా న్యాయమైనది. పసిపిల్లతో పడబోయిన తల్లి మర్నాడు చేతులు కట్టుకుని కూర్చోవాలని ఎవరైనా అంటే వినకండి. ఆయన ఇంట్లో లేని వేళ చూసి తీయడమే బాగోలేదు. ఆ ఒక్కదానికి క్షమాపణ చెప్పండి. మిగతాదానికి అక్కరలేదు.

ఆయన అన్న "సరేనమ్మా"ను అర్థం చేసుకోవాలంటే ఆ అట్టపెట్టెలో ఉన్నదేమిటో కొంచెం తెలియాలి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే హెచ్‌ఓ రకం రైళ్లు అసలు రైలులో 87వ వంతు ఉంటాయి. రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. కరెంటు ఆ పట్టాల్లోనే ప్రవహిస్తుంది, చక్రాల ద్వారా ఇంజనులోని మోటారుకు అందుతుంది. జానెడు జానెడు ముక్కలను చిన్న లోహపు తొడుగులతో కలుపుకుంటూ వెళతారు. అసలు రైల్వేలో లాగే వీటినీ ఫిష్‌ప్లేట్లు అంటారు. ఇరవై మీటర్ల దారి పరిస్తే అటూ ఇటూగా తొంభై అతుకులు. ఒక్కటి వదులైనా రైలు అక్కడికి వచ్చి నీరసపడుతుంది, లేదా నిలిచిపోతుంది. ఏ అతుకు దగ్గర తేడా వచ్చిందో వంగి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కటే నొక్కి చూడాలి. ఒకసారి పరిచాక మధ్యలో తీయకుండా రాత్రి దాకా ఎందుకు అలాగే ఉంచుతారో ఇప్పుడు తెలిసింది కదా. ఈ ముక్కలను విడదీయడానికీ ఒక పద్ధతి ఉంది. నేలకు ఆనించి ఉంచి, రెండు ముక్కలనూ తిన్నగా చెరోవైపుకు లాగాలి. ఒక కొస పట్టుకుని పైకి ఎత్తితే ఆ తొడుగు నోరు తెరుచుకుంటుంది. తర్వాత పట్టా దూర్చినా గట్టిగా పట్టుకోదు. ఊడబెరికాను అని రాశారు కాబట్టి కొన్ని అలా అయి ఉంటాయి. సన్నని పట్టకారుతో నెమ్మదిగా నొక్కితే చాలావరకు బాగవుతాయి, మరీ పాడైతే కొత్తవి విడిగా దొరుకుతాయి. పెద్ద నష్టమేమీ కాదు. కాకపోతే ఆయన ఆ పెట్టె తెరిచి చూసుకున్నారేమో, చూసి కూడా మీతో ఏమీ అనలేదేమో మనకు తెలియదు.

పాప విషయంలో మొహమాటం అసలే పనికిరాదు. పది నెలల బిడ్డ చేతికి ఏది దొరికినా నోట్లోకే వెళుతుంది. ఫిష్‌ప్లేట్లు, బోగీలను కలిపే కొక్కేలు, చిన్న మరలు గొంతుకు అడ్డం పడే వస్తువులు. అయస్కాంతాలు ఉంటే మరీ ప్రమాదం. రెండు మింగితే పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుని అక్కడ రంధ్రం చేయగలవు. బటన్ బ్యాటరీ సంగతీ అంతే, మింగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. కాబట్టి పాప మేలుకుని నేల మీద ఉన్నంతసేపు ఆమె తిరిగే చోట పట్టాలుండవు. దీని మీద బేరాలు వద్దు. పట్టాల్లో పారేది చాలా తక్కువ వోల్టుల కరెంటే కాబట్టి తాకితే భయం లేదు. ప్రమాదమంతా గోడ ప్లగ్గుకు తగిలించే ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఉంది. అది నేల మీద ఉండకూడదు. తడిగుడ్డ పెట్టే వేళకు ప్లగ్గు తీసి ఉండాలి. మీ ఇంట్లో తివాచీ ఉంటే దాని మీద నుంచి పట్టాలు పోకూడదు. ఇది పాప కోసం కాదు, ఇంజను కోసం. నూలుపోగులు, వెంట్రుకలు ఇరుసులకు చుట్టుకుని పళ్లచక్రాల్లోకి దూరితే మోటారు వేడెక్కి చెడిపోతుంది. ఇది మీరు చెబితే ఆయన ఆశ్చర్యపోతారు, చెప్పి చూడండి.

ఇక మిగిలింది దారి. ఇక్కడ మీరు పరిష్కారం తయారుచేసి ఆయన చేతిలో పెట్టకండి, సమస్యను పెట్టండి. ఈ సరదా ఉన్నవాళ్లను గమనించారా, రైలు నడిపే సమయం కంటే పట్టాలు ఎలా వేయాలా అని ఆలోచించే సమయమే ఎక్కువ. మీకు కావలసినవి మూడే. ఎవరూ పట్టా దాటి అడుగు వేయాల్సిన పని ఉండకూడదు. పాప నిద్రపోయే వేళల్లోనే హాల్లో రైలు తిరగాలి. చీకటి పడేలోపు నేల ఖాళీ కావాలి. ఇవి చెప్పి ఊరుకోండి. ఇల్లంతా చుట్టి వచ్చే గుండ్రని దారికి బదులు గోడ వెంబడి ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్లి అదే దారిలో వెనక్కి వచ్చే బండిని నడపవచ్చని ఆయనకే తడుతుంది. గుమ్మం దగ్గర రెండు ముక్కలు మాత్రం అప్పటికప్పుడు పెట్టి తీసేలా చేయవచ్చనీ తడుతుంది. రోజూ తీసి వేయడం కష్టమంటే, కింద కంకర ఆకారపు ప్లాస్టిక్ దిమ్మెతో సహా వచ్చి టక్కున అతుక్కునే పట్టాలున్నాయి. కాటో, మార్క్‌లిన్ వంటి కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. మీ వారు తండ్రికి ఏదైనా కొనిపెట్టాలనుకుంటే బల్ల కంటే ఇది మేలు.

సర్దడం ఎవరి వంతు అనేది మొదటి రోజే తేల్చుకోండి. పరిచినవారే తీయాలి. ఆయనకు మోకాళ్లు సహకరించకపోతే కొడుకు వంగాలి. మీరు వంగకండి. ఇప్పటికే ఆ పట్టాల చుట్టూ ఊడ్చిందీ, వాటిని దాటుకుంటూ గిన్నెలు మోసిందీ మీరేనని ఉత్తరంలో రాయకపోయినా తెలుస్తూనే ఉంది.

మీ వారి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. తండ్రి సరదా పోయిందని బాధపడతారు, ఆ బాధ భార్య మీద తీర్చుకుంటారు, తండ్రి గది తలుపు మాత్రం తట్టరు. పాపతో మీరు పడబోయిన రోజు సాయంత్రమే ఆయన వెళ్లి "నాన్నా, దారిలో పట్టాలుంటే పిల్లతో ఇబ్బందిగా ఉంది, ఏం చేద్దాం?" అని అడిగి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. మామగారికి కోడలు చెప్పలేని మాట కొడుకు చెప్పాలి. అది కూడా "మీ కోడలు బాధపడుతోంది" అని మీ మీద పెట్టి కాకుండా, తన మాటగా చెప్పాలి. ఈ జవాబును ఆయనకు చూపించండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

మీ వారు మాట్లాడాక మీరు పెట్టె తీసుకుని మామయ్యగారి దగ్గరకు వెళ్లండి. ముందే ఎక్కడో ఒకచోట పట్టాలు పరిచి ఆశ్చర్యపరచాలని చూడకండి, ఆయన పని మీరు చేసినట్టవుతుంది. "మామయ్యగారూ, పాపతో పడబోయానని భయం వేసింది. మీరు లేనప్పుడు తీయడం మాత్రం బాగోలేదు. కొన్ని అతుకులు పాడైనట్టున్నాయి, చూస్తారా?" అంటే చాలు. అత్తయ్యగారి ప్రస్తావన తేకండి, ఒంటరితనం గురించి పాఠాలు చెప్పకండి. బాబును రాయబారం పంపడం అసలే వద్దు. "తాతయ్యా, అమ్మ రైలు పెట్టమంది" అని పిల్లవాడు అడిగితే ఆయన కాదనలేరు, మనసులో ఉన్నదీ చెప్పలేరు. రైలు మళ్లీ మొదలయ్యాక బాబుకు ఆయన పక్కన పని దొరుకుతుంది. ఇరుసుకు చుట్టుకున్న పోగును చిన్న పట్టకారుతో లాగడం అయిదేళ్ల పిల్లవాడికి ఎంత పెద్ద ఉద్యోగమో చూస్తారు. తనకంటూ సొంత రైలు కావాలని పేచీ పెడితే, పట్టాల్లో కరెంటు లేకుండా ఇంజనులోనే బ్యాటరీ ఉండే ప్లాస్టిక్ రైళ్లున్నాయి. జపాన్‌లో 1959లో వచ్చిన నీలం పట్టాల ప్లారైల్ అలాంటిదే. తాతగారి ఇంజను జోలికి వెళ్లకుండా ఉంటాడు.

చుట్టాల నవ్వు గురించి ఎక్కువ రాయను. జర్మనీలో మార్క్‌లిన్ వాళ్లు 1891లో లైప్‌జిగ్ సంతలో కీ ఇస్తే నడిచే రైలును, ముక్కలు కొనుక్కుంటూ పెంచుకోగల పట్టాలతో సహా చూపించారు. అప్పటి నుంచి ఈ సరదా పెద్దవాళ్లను వదల్లేదు. ఇప్పటి నమూనా రైళ్ల పెట్టెల్లో చాలావాటి మీద పద్నాలుగేళ్లు దాటినవారికి అనే రాసి ఉంటుంది. ఎవరైనా నవ్వితే ఆ పెట్టె చూపించండి. మీకు తల కొట్టేసినట్టు అనిపించింది రైలును చూసి కాకపోవచ్చు. చుట్టాలు నవ్వుతుంటే మీ వారు అక్కడే కూర్చుని ఏమీ అనకపోవడం చూసి కావచ్చు, ఆలోచించండి.

ఒక్క విషయంలో మాత్రం కన్నేసి ఉంచండి. పెట్టె తిరిగి చేతికొచ్చాక కొన్నాళ్లు బెట్టు చేయడం సహజం, పట్టించుకోకండి. పక్షం రోజులు గడిచినా దాన్ని తాకకపోయినా, తిండి తగ్గినా, రాత్రుళ్లు నిద్రపట్టక పగలంతా పడుకునే ఉన్నా, మనవడు వచ్చినా ముఖం తిప్పుకుంటున్నా అది అలక కాకపోవచ్చు. భార్య పోయిన దుఃఖం రెండేళ్ల తర్వాత కూడా దిగులు జబ్బుగా మారి బయటపడవచ్చు. దానికి మందులున్నాయి, మాట్లాడి నయం చేసే పద్ధతులున్నాయి. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. రమ్మని అడగాల్సిందీ, వెంట వెళ్లాల్సిందీ మీ వారే.