కోడిపిల్లల మెడ కింద సంచి ఉబ్బితే ముందు చేత్తో పట్టి చూడండి

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర పల్లె. సమ్మక్క జాతర నాటికి అమ్ముదామని 120 వనరాజా రకం కోడిపిల్లలు తెచ్చినం. ఇప్పుడు వాటికి 18 రోజులు. పది రోజులు చిన్న పిల్లలకు పెట్టే స్టార్టర్ దాణా పెట్టినం. ఖర్చు ఎక్కువైతుందని తర్వాత నూకలు, తౌడు, మిగిలిన అన్నం, కోసిన గడ్డి వేస్తున్నం. వారం నుంచి కొన్నిటికి మెడ కింద సంచి ఉబ్బి, మేత ముట్టకుండా మూలకు నిలబడుతున్నయి. నాలుగు చచ్చిపోయినయి, ఇంకా తొమ్మిదింటికి ఉంది. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి ఐదు రోజుల నుంచి నీళ్లలో కలుపుతున్నా తగ్గలేదు. చచ్చినదాన్ని కోసి చూస్తే సంచిలో గడ్డి, ఊక ఉండ కట్టి ఉన్నయి. తలకిందులుగా పట్టి వత్తితే కక్కుతాయని పక్కింటాయన అంటున్నడు. ఏం చేయమంటరు? మిగిలినవి జాతరకు అందుతయా?

జవాబు: అమ్మా, చచ్చిన పిల్లను కోసి చూడటం మంచి పని చేశారు. సగం జవాబు అందులోనే ఉంది. ముందుగా ఒక మాట, తలకిందులుగా మాత్రం పట్టకండి. 18 రోజుల పిల్లకు సంచిలోని నీళ్లు గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లో పడితే మన చేతిలోనే ప్రాణం పోతుంది. పెద్ద కోళ్లకు కొందరు బ్లేడుతో సంచి కోసి, మేత తీసి, దారంతో కుడుతుంటారు. పిల్లల విషయంలో ఆ ఆలోచన కూడా వద్దు.

కోడికి పళ్లు లేవు కదా. తిన్న మేత ముందు మెడ కింద, కుడివైపు ఉన్న ఆ సంచిలో చేరి నానుతుంది. అక్కడి నుంచి కొద్దికొద్దిగా కిందికి దిగి కందనకాయలో నలుగుతుంది. కాబట్టి సాయంత్రం సంచి నిండుగా కనిపించడం రోగం కాదు, పిల్ల కడుపునిండా తిన్నదని అర్థం. సాయంత్రం పూట నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఇలా నిండిన సంచిని చూసి భయపడినవే. తెల్లవారి లైటు వేయగానే, దాణా పెట్టకముందు పట్టి చూడాలి. రాత్రి తిన్నది అప్పటికి దిగిపోయి సంచి ఖాళీగా, మెత్తగా వేలాడాలి. అప్పుడు కూడా ఉబ్బి ఉంటే అది జబ్బే.

రేపు పొద్దున ఆ తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా ఎడమ చేతిలోకి తీసుకుని, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య సంచిని మెల్లగా పట్టి చూడండి. నానబెట్టని పిండి ముద్దలా, ఉండలా గట్టిగా తగిలితే లోపల మేత ఇరుక్కుంది. నీళ్లు పోసిన బెలూన్‌లా మెత్తగా ఊగుతూ, నోటి దగ్గర పులిసిన గంజి వాసన వస్తే అది పులిసిన సంచి, లోపల బూజు పెరిగిందన్నమాట. రెండింటికీ వైద్యం వేరు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ షెడ్డులో రెండు రకాలూ ఉండొచ్చని నా అనుమానం. గడ్డి, ఊక వల్ల మొదటిది, ఐదు రోజుల యాంటీబయాటిక్ వల్ల రెండోది.

గట్టిగా ఉన్నవాటి సంగతి చూద్దాం. పిల్లను నిటారుగానే పట్టుకోండి. గోరువెచ్చని నీళ్లు డ్రాపర్‌తో ముక్కు అంచున నాలుగైదు చుక్కలు వేయండి, అదే చప్పరించి మింగుతుంది. నోట్లో పోయకండి. కావాలంటే ఒకటి రెండు చుక్కల కొబ్బరినూనె అలాగే వేయొచ్చు. తర్వాత రెండు మూడు నిమిషాలు వేలి కొసలతో సంచిని గుండ్రంగా, పూరీ పిండి పిసికినట్టు కాదు, పసిపిల్ల కడుపు రాసినట్టు రాయాలి. ఉండ మెత్తబడుతున్నట్టు వేలికి తెలుస్తుంది. రోజుకు నాలుగుసార్లు చేయండి. మూడు నాలుగు గంటలు మేత ఆపితే చాలు. పెద్ద కోడికి పెట్టినట్టు రోజంతా ఉపవాసం పెడితే ఈ వయసు పిల్ల నీరసించి చచ్చిపోతుంది. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. తర్వాత స్టార్టర్ దాణానే గోరువెచ్చని నీళ్లతో తడిపి కొంచెం కొంచెం పెట్టండి. తడి దాణా గంటకు మించి ఉంచొద్దు, పులుస్తుంది. మర్నాడు పొద్దుటికి సంచి తగ్గితే గండం గడిచినట్టే. తగ్గకపోతే ఇంట్లో ఇంకా ప్రయోగాలు చేయకుండా పశువుల డాక్టరుకు చూపించండి.

పులిసిన సంచికి ఈ రాయడం పనికిరాదు, పైగా నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి. ఇక్కడ దోషి కాండిడా అనే ఈస్టు జాతి బూజు. పిల్ల లోపల మంచి బ్యాక్టీరియా ఉన్నంతవరకు అది తోక ముడుచుకుని ఉంటుంది. యాంటీబయాటిక్ ఆ మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది, బూజును ముట్టుకోదు. ఖాళీ దొరికిన బూజు సంచి గోడల మీద అల్లుకుంటుంది. అలాంటి పిల్ల చచ్చాక సంచి తెరిచి కడిగి చూస్తే లోపలి పొర తెల్లగా, మందంగా, టర్కీ టవల్‌లా కనిపిస్తుంది. ఈసారి చచ్చినదాన్ని కోస్తే అది కూడా చూడండి.

అందుకే ఆ పొడి విషయం డాక్టరుకు చెప్పి ఆపేయండి. పిల్లలు డల్‌గా ఉన్నాయనగానే పొడి కలపడం మన దగ్గర అలవాటైపోయింది. మేత ఇరుక్కున్న పిల్లకు అది ఏ రకంగానూ పనిచేయదు. బూజుకు నిస్టాటిన్ అనే మందు ఉంది, మోతాదు డాక్టరు రాయాలి. మైలతుత్తం కూడా వాడతారు. రెండు లీటర్ల నీళ్లకు ఒక గ్రాము చొప్పున, ప్లాస్టిక్ పాత్రలోనే కలపాలి, ఇనుము, అల్యూమినియం పాత్రలు వద్దు. కానీ మైలతుత్తం ఎక్కువైతే విషం. చిటికెడు, పిడికెడు లెక్కలు పనికిరావు. చిన్న ఎలక్ట్రానిక్ కాటా లేకపోతే దాని జోలికి వెళ్లకండి. ఎన్ని రోజులు ఇవ్వాలో కూడా డాక్టరే చెప్పాలి. జబ్బు పిల్లలను వేరే గంపలో ఉంచండి. నీళ్ల డబ్బాలు రోజూ రుద్ది కడిగి ఎండలో పెట్టండి. మిగిలిన అన్నం పూర్తిగా ఆపేయండి, పులుపు మొదలయ్యేది అక్కడే.

ఇక అసలు కారణాలు. 120లో పదమూడింటికి వచ్చిందంటే తప్పు పిల్లల్లో లేదు, పెంపకంలో ఉంది. పది రోజులకే స్టార్టర్ ఆపడం తొందరపాటు. కనీసం ఆరు వారాలు పెట్టాలి. నూకలు, తౌడు మీద పిల్ల ఎదగదు. ఆకలి తీరని పిల్ల కింద పరిచిన ఊకను ఏరుకుని తింటుంది. మీరు చూసిన ఉండలో ఊక ఉండటానికి కారణం అదే. పొడుగు గడ్డి పోగులు సంచిలో దారం చుట్టుకున్నట్టు చుట్టుకుని దారి మూసేస్తాయి. ఆకుకూర వేయాలని ఉంటే నెల దాటాక, మెంతికూర తరిగినంత సన్నగా తరిగి వేయండి. గింజ, ఆకు పెట్టే రోజు నుంచి కందనకాయకు రాళ్లు కావాలి. దొడ్డు ఇసుకను కడిగి, ఎండబెట్టి, జల్లెడ పట్టి వేరే పళ్లెంలో పెడితే పిల్లలు తమకు కావలసినంత ఏరుకుంటాయి. స్టార్టర్ ఒక్కటే తినేటప్పుడు ఇసుక అవసరం లేదు.

చలి సంగతి మీరు రాయలేదు. చలికి ముడుచుకున్న పిల్లకు సంచి కదలిక మందగిస్తుంది, మేత దిగదు. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. అంటే మూడో వారంలో ఉన్న మీ పిల్లలకు 29 కావాలి. థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు. రాత్రి రెండింటికి ఒకసారి లేచి చూడండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి గుంపు కట్టి ఉంటే చలి, గోడల దగ్గరికి పోయి నోరు తెరిచి ఉంటే ఎక్కువ వేడి, అంతటా పరుచుకుని పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. కరెంటు పోయే ఊరైతే షెడ్డుకు గోనెపట్టాలు కట్టండి, పైభాగంలో గాలి ఆడేంత జాగా వదిలి.

ఇంకొకటి అడగాలి. పిల్లలు ఆకుపచ్చగా పారుతున్నాయా, నోరు తెరిచి గురకలా ఊపిరి తీస్తున్నాయా, మెడ వంకర పోతోందా? ఇందులో ఏదున్నా ఇది సంచి జబ్బు కాకపోవచ్చు. కొక్కెర తెగులులో కూడా సంచిలో నీళ్లు నిలుస్తాయి. ఆ తెగులు రాకుండా 5-7 రోజుల వయసులో కంటిలో వేసే లసోటా టీకా చుక్క వేయించారో లేదో రాయలేదు. వేయించకపోతే డాక్టరుకు మొదట ఆ విషయమే చెప్పండి. మళ్లీ ఒకటి చచ్చిపోతే పారేయకుండా కవర్లో కట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టి, అదే రోజు మామునూరు వెటర్నరీ కాలేజీకి గానీ, దగ్గరి పశువుల ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే పరీక్షకు పనికిరాదు.

వచ్చే బ్యాచ్‌కు మొదట్లోనే ఒక పని చేయండి. పిల్లలు దింపిన మర్నాడు ఒక ఇరవై ముప్ఫై పిల్లల సంచులు పట్టి చూడండి. గంజిలా మెత్తగా ఉంటే సరే. గట్టిగా ఉంటే దాణా తిన్నాయి గానీ నీళ్లు అందలేదు, డబ్బాలు పెంచాలి. ఒట్టి నీళ్లే ఉంటే దాణా దొరకలేదు. మొదటి నాలుగు రోజులు ఊక మీద గోనెసంచి పరవండి. నున్నటి పేపరు మీద పిల్లల కాళ్లు జారి చీలిపోతాయి.

జాతర గురించి అడిగారు. ఆరోగ్యంగా ఉన్నవాటికి రేపటి నుంచే స్టార్టర్ మళ్లీ మొదలుపెడితే కొంచెం వెనకబడినా బరువుకు వస్తాయి. సంచి తగ్గినవి కూడా కోలుకుంటాయి, కాకపోతే మిగతావాటికన్నా తేలికగా ఉంటాయి. సంచి శాశ్వతంగా సాగి వేలాడుతున్నవి మాత్రం ఎంత తిన్నా ఒంటికి పట్టదు. వాటిని గుడ్ల కోసమో, పిల్లల కోసమో ఉంచుకోకండి. యాంటీబయాటిక్ వాడిన కోళ్లను అమ్మకానికి తీసే ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ డబ్బా పారేయకుండా ఉంచండి.