గోడ పగలగొట్టే ముందు ఒక నోటుపుస్తకం

చిరంజీవి అమ్మలుకు పిన్ని ఆశీస్సులు.

కొత్త వంటిల్లు కోసం నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఒకదాంట్లో తెల్లటి గట్టు, ఇంకోదాంట్లో ముదురు ఆకుపచ్చ కప్‌బోర్డులు, మరోదాంట్లో అసలు తలుపులే లేని అరలు. ‘ఏది ఎంచుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది పిన్నీ’ అన్నావు. ఆ ఫొటోలు కొన్నాళ్లు పక్కన పెట్టమ్మా. కొత్త వంటిల్లు ఎలా ఉండాలో నువ్వు రోజూ నిలబడే వంటిల్లే ముందు చెప్పాలి.

ఫ్రిజ్ మీద ఒక చిన్న నోటుపుస్తకం, పెన్నూ పెట్టు. రెండు వారాలపాటు, విసుగొచ్చిన ప్రతిసారీ ఒక్క ముక్క రాసిపెట్టు. వేడి గిన్నె దింపితే పెట్టడానికి చోటు లేదు. పెద్ద మూకుడు కోసం కింది అర ముందు గొంతుక్కూర్చోవాల్సి వచ్చింది. నేను సింకు దగ్గరుంటే ఫ్రిజ్ తలుపు ఎవరూ తీయలేరు. ఇలాంటివే. ఆ పుస్తకమే నీ ప్లాను. ఏ డిజైనరు దగ్గరికి వెళ్లినా ముందు అది చేతిలో పెట్టు.

నేను మొదటిసారి ఇలా చేయలేదు. పత్రికలో బొమ్మ చూసి మనసు పారేసుకుని తెల్ల పాలరాయి గట్టు వేయించాను. వారం తిరక్కుండానే ఒక రాత్రి కోసిన నిమ్మచెక్క గట్టు మీద బోర్లా మరిచిపోయాను. పొద్దున తీసి చూస్తే దాని కింద గుండ్రంగా, మెరుపు పోయిన మచ్చ. సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోలేదు. అది మరక కాదు, పులుపు రాయిని తినేసిన గుర్తు. పాలరాయిలో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే కరిగిపోతుంది. గ్రానైట్‌కి ఆ భయం దాదాపు ఉండదు. క్వార్ట్జ్ పలక పులుపును తట్టుకుంటుంది కానీ, దాన్ని పట్టి ఉంచేది రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురు కాబట్టి పొయ్యి మీది గిన్నె నేరుగా పెట్టకూడదు. ఏ రాయి నచ్చినా చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, దాని మీద నిమ్మరసం, నూనె, పసుపు వేసి ఒక రాత్రి వదిలేసి చూడు.

గట్టు ఎత్తు గురించి చాలామంది అసలు అడగరు. మామూలుగా 36 అంగుళాలు పెట్టేస్తారు. నువ్వు నిటారుగా నిలబడి మోచేయి మడిచి, అక్కడి నుంచి 4 నుంచి 6 అంగుళాల కిందికి కొలువు. నీకు సరిపడే ఎత్తు అక్కడే ఎక్కడో ఉంటుంది. నమ్మకం కుదరకపోతే ఒక బల్ల మీద ఆ ఎత్తు వచ్చేదాకా పుస్తకాలు పేర్చి, పైన కూరగాయలు తరిగే పలక పెట్టి అరగంట కూరగాయలు తరుగు. నడుం నొప్పి వస్తే అక్కడే తెలిసిపోతుంది. మీ ఇంట్లో ఎవరు ఎక్కువ వండుతారో వాళ్ల కొలతే తీసుకో.

స్థలం చిన్నదని దిగులు పడ్డావు కదా. 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా కడుతున్న ఇళ్ల కోసం ఒక వంటిల్లు గీసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. రైలు డైనింగ్ కారులో అంత ఇరుకులో అంతమందికి ఎలా వండుతున్నారో చూసి, ఒక్కో పనికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్క కట్టింది. నువ్వూ అడుగులే లెక్కపెట్టు. స్టవ్, సింకు, ఫ్రిజ్, ఈ మూడింటిలో ఏ రెండింటి మధ్యా 4 అడుగులకు తగ్గకుండా, 9కి మించకుండా ఉంటే నడక సుఖంగా ఉంటుంది. మూడూ ఒకే గోడకు వస్తే మాత్రం సింకును మధ్యలో ఉంచు. ఎదురెదురు గట్ల మధ్య దారి 42 అంగుళాలు, ఇద్దరు కలిసి వండితే 48. కుదిరితే నేల మీద సుద్దముక్కతో అన్నీ గీసి, చేతిలో నీళ్ల గిన్నె పట్టుకుని అటూ ఇటూ తిరిగి చూడు.

కింది అరలకు తలుపుల బదులు పూర్తిగా బయటికి లాగే సొరుగులు పెట్టించు. ఖర్చు కాస్త ఎక్కువే, అయినా దీని దగ్గర మాత్రం వెనకాడకు. లైటు గది మధ్యలో ఒక్కటే ఉంటే నీ నీడే కత్తి మీద పడుతుంది. పై కప్‌బోర్డుల అడుగున, ముందు అంచుకు దగ్గరగా ఇంకో వరస వేయించు. ప్లగ్ పాయింట్లు నువ్వు అనుకున్నదానికంటే రెండు ఎక్కువే పెట్టించు. గోడలో పైపులు, వైర్లు వేశాక, ప్లాస్టరింగ్‌కు ముందు, పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు తీసి దాచుకో. రేపు మేకు కొట్టాలన్నా అవే దిక్కు.

ఇవన్నీ అయ్యాక, పక్కన పెట్టిన ఆ ఫొటోలు మళ్లీ బయటికి తియ్యి. ఒక్కోదాని కింద నీకు నచ్చింది ఏమిటో రాయి. నా అనుభవంలో సగం ఫొటోల్లో మనకు నచ్చేది కిటికీలోంచి పడే వెలుతురూ, ఏమీ లేని ఖాళీ గట్టూ. గిన్నెల స్టాండు, మసిగుడ్డ, చెత్తబుట్ట ఆ ఫొటోల్లో ఎక్కడా కనిపించవు, చూశావా? నీ ప్లానులో ముందు వాటికి చోటు చూపించు. తెలిసినవాళ్ల వంటిళ్లు కూడా చూసిరా, కానీ వంట జరిగే వేళకు వెళ్లు. మళ్లీ చేయిస్తే ఏం మారుస్తారో అడుగు. ఆ ఒక్క ప్రశ్నకు వాళ్లు గంటసేపు చెబుతారు.

డబ్బులో 15 శాతం ముట్టుకోకుండా పక్కన పెట్టు. పాత గోడ విప్పాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు. టైల్స్, కుళాయిలు, హ్యాండిల్స్‌తో సహా అన్నీ ఖాయమై ఇంటికి చేరాకే సుత్తి ఎత్తనివ్వు.

ముందు మోచేతి కొలత, ఆ పుస్తకంలో మొదటి వారం రాతలు ఫొటో తీసి నాకు పంపు. కూర్చుని ఇద్దరం గీద్దాం.

మీ పిన్ని